ప్రమోషన్ వచ్చాక పాత పని వదలకపోతే ఇంతే

కడప నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి గ్రామీణ బ్యాంకులో ఐదేళ్లు ఆఫీసరుగా చేసింది, ఎక్కడ చేసినా మంచి పేరే. పోయినేడు ప్రమోషన్ ఇచ్చి కళ్యాణదుర్గం వైపు ఒక బ్రాంచికి మేనేజర్‌గా వేశారు. అప్పటినుంచి రాత్రి తొమ్మిదైతే గానీ రూముకు రాదు. అయినా అప్పుల రికవరీ తగ్గిందని పైనుంచి మెమో వచ్చింది. రాజీనామా చేస్తానంటోంది. ఏం చెప్పమంటారు?"

సార్, మీ అమ్మాయికి పని రాక మెమో రాలేదు. మీరు రాసిన మిగతా వివరాల్లో నాకు తగిలింది ఒక్కటే, క్లర్క్ నిదానం కాబట్టి గోల్డ్ లోన్ ఎంట్రీలు తనే కొట్టేస్తోందట. అసలు చిక్కు అక్కడే ఉంది. బ్యాంకులో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు చూసి ఓకే చేయాలి, బంగారం బీరువాకు ఇద్దరి దగ్గర వేర్వేరు తాళాలు ఉండేది కూడా అందుకే. మేనేజరే కౌంటర్లో కూర్చుంటే తను సరిచూడాల్సిన పని తనే చేసినట్టు, అప్పుడు చూసే రెండో కన్ను ఉండదు. పని తొందరగా అవుతోందని క్లర్క్ లాగిన్‌లో తను కొట్టడం గానీ, తన పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వడం గానీ చేస్తుంటే ఈరోజే ఆపమనండి, రేపు ఆడిట్‌లో ఏదైనా తేడా వస్తే ఇప్పుడొచ్చిన మెమో చాలా చిన్నదనిపిస్తుంది.

ఆ క్లర్క్‌ను రెండు మూడు వారాలు నిదానంగానే చేయనివ్వాలి. కౌంటర్ ముందు క్యూ పెరుగుతుంది, జనం నాలుగు మాటలంటారు, అననీయండి.

ఇక మేనేజర్ తప్ప ఇంకెవరూ చేయలేని పని ఏంటంటే గడువు తేదీలు చూసుకోవడం. 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ, సమయానికి కట్టిన రైతుకు అందులో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. తేదీ దాటిందా, ఆ రాయితీ పోతుంది, రైతు కోపంగా వచ్చి కూర్చుంటాడు, ఇటు బ్రాంచిలో బకాయి పెరుగుతుంది. మీ అమ్మాయి రాత్రి దాకా వోచర్లు సర్దుతూ కూర్చుంటే ఈ లిస్టు ఎవరు తీస్తారు? పొద్దున తలుపులు తీయకముందే వచ్చే నెలలో గడువున్న ఖాతాలు తీసి ఊరివారీగా విడగొట్టి, బ్యాంకు తరఫున ఊళ్లలో పనిచేసే బ్యాంక్ మిత్రల చేతికిచ్చి, ఈ ఊరివాళ్లు ఫలానా రోజు రావాలని కబురు పంపాలి. శనక్కాయ విత్తనం పడే టైముకు పాత రుణం కట్టి రెన్యువల్ చేయించుకోవడానికి మండలమంతా ఒకేసారి వచ్చి పడితే ఏ మేనేజరైనా చేతులెత్తేస్తాడు. ఈ ఒక్క పని కుదిరితే రికవరీ సగం దారికొస్తుందని నా నమ్మకం.

మెమోకు జవాబు రాసేటప్పుడు ఏడుపు, కోపం రెండూ వద్దు. ఎన్ని ఖాతాలున్నాయి, ఎంతమంది స్టాఫ్ ఉండాలి, ఎంతమంది ఉన్నారు, ఏ తేదీకల్లా ఎంత వసూలు చేయగలను, అన్నీ అంకెల్లో ఒక పేజీలో రాసి, వేరే బ్రాంచి నుంచి ఒక మనిషిని కొన్నాళ్లు డిప్యుటేషన్ మీద ఇవ్వమని అందులోనే అడగమనండి. ఫోన్లో చెప్పుకున్న బాధ ఫైల్లోకి ఎక్కదు.

బ్యాంకు ఉద్యోగులు పాసైతే ఇంక్రిమెంట్ వచ్చే సీఏఐఐబీ పరీక్ష కూడా ఈ ఏడే రాస్తానంటోందట, వద్దు సార్. ఇంక్రిమెంట్ ఎక్కడికీ పోదు, బ్రాంచి చేతికొచ్చాక రాసుకోవచ్చు.

రాజీనామా మాట ఈ ఖరీఫ్ పంట రుణాల రెన్యువల్స్ అయ్యేదాకా పక్కన పెట్టమనండి. అప్పటికి క్లర్క్ పని క్లర్క్ చేస్తూ, తను ఏడింటికల్లా తాళం వేసి వెళ్లగలుగుతూ ఉండి, అప్పుడు కూడా ఈ ఉద్యోగం వద్దనిపిస్తే మానేయనివ్వండి, అడ్డుపడొద్దు. ఇప్పుడు మాత్రం అలసటలో మాట్లాడుతోంది. ఇంకోటి, ఏమనుకోకండి, ఆదివారం ఫోన్ చేసినప్పుడు మెమో సంగతీ పెళ్లి సంబంధం సంగతీ ఒకే కాల్‌లో ఎత్తకండి.