పేచ్‌కు వెళ్తున్న సౌమ్యకు, మామయ్య ఉత్తరం

కొత్తగూడెం

చిరంజీవి సౌమ్యకు,

పెద్ద మామయ్య ఆశీస్సులు. హంగేరీ ప్రభుత్వం స్కాలర్‌షిప్ నీకు వచ్చిందనీ, పేచ్ యూనివర్సిటీలో ఎం.ఏ. చేస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఊరి పేరు నోరు తిరగక రెండుసార్లు ‘పేచీ’ అంది. ఫర్వాలేదు, చివరి ఈకారం తీసేస్తే అదే. నా సంతోషం అంతా ఇంతా కాదు. ఎందుకంటే మన బంధువుల్లో ఆ ఊరు చూసింది నేనూ మీ వదినా మాత్రమే. ఇప్పుడు మూడో మనిషివి నువ్వు.

నువ్వు థీసిస్‌కి ‘ప్రాచీన నగరం పేచ్: చరిత్ర, ఆర్థిక వ్యవస్థ’ అని రాసిచ్చావట. బిడ్డా, దాంట్లో రెండువేల ఏళ్ళున్నాయి. నీకిచ్చింది రెండేళ్ళు. రోమన్లు, బిషప్పులు, తుర్కులు, ఆస్ట్రియా వాళ్ళు, కమ్యూనిస్టులు అని వరసగా రాసుకుంటూ పోతే అందరూ రాసేదే నువ్వూ రాస్తావు. ఒక్క దారం పట్టుకో. ఏ దారం అంటావా? నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ముప్ఫై నాలుగేళ్ళు సింగరేణి బొగ్గు బాయిల్లో దిగి ఎక్కినవాణ్ణి. కాబట్టి నాకు కనిపించింది చెప్తాను: ఆ ఊరు ఎప్పుడూ నేల అడుగున ఉన్నదాంతోనే బతికింది. అడుగున సరుకు అయిపోయినప్పుడల్లా ఏం చేసిందో చూడు. అదీ నీ థీసిస్.

మీ వదిన అక్కడ మెడిసిన్ చదివేటప్పుడు, రిటైరైన మరుసటి ఏడాది, 2015లో వెళ్ళాను. ఎనభై రోజులున్నాను. మొదటి వారం అంతా సేచెన్యి చౌక్‌లో బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ కాసిం పాషా మసీదు ఉంది. 1543 నుంచి 1686 దాకా తుర్కుల పాలన కదా, అప్పటి కట్టడం. ఇప్పుడది కేథలిక్ చర్చి. గుమ్మటం మీద నెలవంక, దాని మీద శిలువ, రెండూ ఉన్నాయి. అంతకుముందు అక్కడే ఉన్న చర్చి రాళ్ళతోనే మసీదు కట్టారట. ఫోటోలకు బాగుంటుంది, అందరూ అక్కడే నిలబడతారు. నువ్వు ఒక పూట చూసి లేచి వచ్చెయ్యి.

మొదట కెథీడ్రల్ ముందు మెట్లు దిగి రోమన్ల సమాధుల్లోకి వెళ్ళు. అప్పుడు ఊరి పేరు సోపియానె. నాలుగో శతాబ్దంలో వలేరియా అనే రాష్ట్రానికి పాలనా కేంద్రం. భూమిలో రెండు మూడు మనిషి లోతుల గదులు, గోడల మీద రంగుల బొమ్మలు: ఆదాము హవ్వ, సింహాల గుహలో దానియేలు. పీటరు, పౌలు బొమ్మలున్న గది 1782లో బయటపడింది. 2000లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. మతం సంగతి గైడు చెప్తాడు. నువ్వు మాత్రం డబ్బు సంగతి ఆలోచించు. చనిపోయినవాళ్ళ గదికి చిత్రకారుణ్ణి పెట్టి రంగులు వేయించగలిగిన కుటుంబాలు ఆ ఊళ్ళో ఎన్ని ఉండాలి? ఆ సొమ్ము ఎక్కడిది? ఒక గదిలో కూజా, గ్లాసు బొమ్మ ఉంటుంది. నేను దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డాను. దేవుళ్ళ కన్నా ఆ కూజా నాకు దగ్గరగా అనిపించింది.

ఆ తరవాత కాప్తలన్ వీధి. వాసరెలి మ్యూజియం అక్కడే ఉంది. ఆయన 1906లో ఆ ఊళ్ళో పుట్టినాయన, చూస్తే కళ్ళు తిరిగే గీతల బొమ్మలు వేసినాయన. ఆ మ్యూజియం అడుగునే నేలమాళిగల్లో గని ప్రదర్శన పెట్టారు. ఇప్పుడు ఏ రోజుల్లో తెరుస్తారో ముందే కనుక్కుని వెళ్ళు. మీ వదిన పైన బొమ్మలు చూస్తానంటే సరే అని నేను ఒక్కణ్ణే కిందికి దిగాను. కర్ర దిమ్మెలు కొట్టి పైకప్పు నిలబెట్టిన సొరంగం చూడగానే చెయ్యి దానంతటదే పోయి దిమ్మె తట్టింది. పైకప్పు గట్టిదా కాదా అని శబ్దం బట్టి చూసుకుంటాం కదా, ఆ అలవాటు. అక్కడున్న మనిషి చూసి నవ్వి ‘యో సెరెన్‌చేట్’ అన్నాడు. ‘అదృష్టం కలగాలి’ అని అర్థం. హంగేరీ గని కార్మికుల నమస్కారం అది. నమస్తే, గుడ్ మార్నింగ్ కన్నా ఇది ముందు నేర్చుకో.

బొగ్గు సంగతి కొంచెం వివరంగా రాస్తాను, నాకు తెలిసింది అదే కాబట్టి. అక్కడ బొగ్గున్న కొండ పేరు మెచెక్. మన గోదావరి బొగ్గు కన్నా వయసులో చిన్నది, జురాసిక్ కాలపుది. కానీ ఉక్కు కొలిమికి కావలసిన కోక్ తయారుకు పనికొచ్చే రకం, మనది ఆ పనికి రాదు. దేశం మొత్తం మీద అలాంటిది అక్కడే. అందుకే 1950ల్లో స్టాలిన్ పేరుతో డాన్యూబ్ ఒడ్డున కొత్తగా ఉక్కు ఊరు కట్టినప్పుడు ఈ కొండ బొగ్గు కావలసివచ్చింది. మేలు ఎంతుందో కష్టం కూడా అంతే. మన సీములు, అంటే బొగ్గు పొరలు, పరుపు పరిచినట్టు కొద్ది వాలుగా ఉంటాయి. అక్కడివి మడతలు పడి, విరిగి, బాగా ఏటవాలుగా దిగిపోతాయి. మీథేన్ ఎక్కువ. ఒక్కోసారి బొగ్గూ గ్యాసూ కలిసి ఉన్నట్టుండి మొహం మీదికి బద్దలై వస్తాయి. ఇవన్నీ ఖర్చు, బిడ్డా. టన్ను బొగ్గు ఎందుకంత పిరమైందో భూమి నిర్మాణమే చెప్తుంది. ఆర్థికశాస్త్రం పుస్తకం దాని తరవాతే.

ఇంకో సంగతి, ఇది నీకు బాగా అక్కరకొస్తుంది. ఆ గనులను పెద్ద ఎత్తున తవ్వింది ఊరి వాళ్ళు కాదు. డాన్యూబ్ నదిలో స్టీమర్లు నడిపే వియన్నా కంపెనీ 1850ల్లో అక్కడ గనులు కొనడం మొదలుపెట్టింది. స్టీమరుకు బొగ్గు కావాలి, గని నదికి దూరం. అందుకని 1857లో పేచ్ నుంచి మొహాచ్ రేవుదాకా రైలు వేసింది. గమనించావా, పేచ్‌కు మొదటి రైలు వేసింది రాజధానికి కాదు, రేవుకు. లాభం నదిలో పడి వియన్నా పోయింది. కూలి, కాలనీలు, దుమ్ము ఊరికి మిగిలాయి. మన సింగరేణి పుట్టుక కూడా అంతే కదా, 1889లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది, వాటాదారులు ఎక్కడో లండన్‌లో. ఆ వియన్నా కంపెనీ రాతకోతలు జర్మన్‌లో ఉంటాయి. హంగేరియన్ రెండేళ్ళలో నీకు లొంగదు, నిజం చెప్తున్నాను. ఆర్కైవుకు వెళ్ళాలనుంటే ఇప్పటినుంచే జర్మన్ మొదలుపెట్టు.

సెప్టెంబరు మొదటి ఆదివారం అక్కడ గని కార్మికుల దినం. నువ్వు దిగే సమయానికి సరిగ్గా పడుతుంది. హాస్టల్ గదిలో సర్దుకుంటూ కూర్చోకుండా పాత కార్మికులు కూడే చోటికి వెళ్ళు. అక్కడ నేనొక తప్పు చేశాను, అది నువ్వు చెయ్యొద్దు. ఒక ముసలాయన పక్కన కూర్చుని, మీ వదిన వచ్చీరాని భాషలో అడుగుతుంటే, నా మొదటి ప్రశ్న ‘రోజుకు ఎన్ని టన్నులు తీసేవాళ్ళు?’ ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకున్నాడో ఏమో. ఏం చెయ్యాలో తోచక చొక్కా మడిచి మోచేయి చూపించాను. బొగ్గు చెక్క కోసిన గాయం మానితే లోపల దుమ్ము ఉండిపోయి నీలం గీత పడుతుంది, చూశావుగా నా చేతికి. ఆయన అది చూసి, టోపీ తీసి, నుదుటి మీద తన నీలం గీత చూపించాడు. ఆ తరవాత రెండు గంటలు మాట్లాడాడు. మీ వదినకే అలుపొచ్చింది. నీకు నీలం గీత లేదు కాబట్టి ‘ఏ బాయి, ఏ షిఫ్టు’ అని మొదలుపెట్టు. టన్నులు ఆర్కైవులో దొరుకుతాయి.

యురేనియం కథ వేరే. 1950ల్లో సోవియట్ వాళ్ళ కోసం మెచెక్ పడమటి వైపు తవ్వడం మొదలైంది. జీతాలు ఎక్కువ, వాళ్ళకోసం కట్టిన పేటకు పేరే ఉరాన్‌వారోష్, అంటే యురేనియం నగరం. మీ వదిన అద్దెకున్నది అక్కడే. చెట్లు, వెడల్పు వీధులు, ఇళ్ళన్నిటికీ పవర్ స్టేషన్ నుంచి గొట్టాల్లో వేడి. కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో ఆ ఊరు చెప్తుంది. సోవియట్ యూనియన్ పోయింది, ప్రపంచ ధరకు ఈ ఖర్చు గిట్టలేదు, 1997లో మూసేశారు. పక్కనే యుగోస్లావియా యుద్ధం, ఆ వైపు వ్యాపారమూ పోయింది. బొగ్గు లోతు గనులు 2000 నాటికి ఆగిపోయాయి. మూసేస్తే అయిపోలేదు. యురేనియం గని నీళ్ళు తాగునీటిలో కలవకుండా తోడి శుద్ధి చేస్తూనే ఉండాలి. ఈ లెక్క పాత లాభనష్టాల పట్టికల్లో ఉండదు. దీన్ని నువ్వు విడిచిపెట్టకు.

నేను వెళ్ళినప్పుడు ఊరి మధ్య 25 అంతస్తుల మేడ ఒకటి ఖాళీగా నిలబడి ఉంది. 1970ల్లో కట్టారు. కాంక్రీటు లోపలి ఉక్కు తుప్పు పట్టిందని 1989లో జనాన్ని ఖాళీ చేయించారు. పాతికేళ్ళు దీపం లేకుండా అలాగే ఉంది. నేను వచ్చేసిన మరుసటి ఏడు, 2016లో, కూల్చేశారు. నీకు ఆ స్థలం మాత్రం కనిపిస్తుంది. జనాభా 1990లో 1,70,000 ఉండేది, 2022 లెక్కలకు 1,40,000 దగ్గరికి పడిపోయింది.

మట్టితో బతికింది జోల్నయి కుటుంబం. 1853లో తండ్రి పెట్టిన కార్ఖానాను 1865లో కొడుకు విల్మోష్ చేతిలోకి తీసుకున్నాడు. 1878లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం కొట్టాడు. కూతుళ్ళు తెరేజ్, యూలియా నమూనాలు గీసేవాళ్ళు. మంచుకు పగలని పైరోగ్రానైట్ పలకలు చేశారు. బుడాపెస్ట్‌లో మాత్యాస్ చర్చి కప్పు మీద మెరిసే రంగు పెంకులు వీళ్ళవే. 1893 నుంచి ఇయోసిన్ అనే పూత. చౌక్‌లో ఆ పూత పూసిన ఎద్దు తలల ఫౌంటెన్ ఉంది, ఎండ పడే కోణాన్ని బట్టి ఆకుపచ్చ, నీలం, ఊదా అవుతుంది, నెమలి మెడలాగా. 1948లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక అదే కార్ఖానాలో కరెంటు స్తంభాలకు పింగాణీ ఇన్సులేటర్లు చేశారు. కొందరు దీన్ని పతనం అని బాధపడతారు. నేనైతే ఒప్పుకోను. ఊళ్ళకు కరెంటు రావడం పతనమా?

జోల్నయి గిన్నె ఏది కనిపించినా ఎత్తి తిరగేసి చూడు (దుకాణంవాడిని అడిగి). అడుగున ఐదు గోపురాల ముద్ర ఉంటుంది. జర్మన్‌లో ఈ ఊరి పేరు ఫ్యూన్ఫ్‌కిర్షెన్, ఐదు చర్చీలు. ఊరి పేరే వ్యాపార ముద్ర. చేతి గ్లౌజులకు హామెర్లి, చర్చి ఆర్గన్లకు ఆంగ్‌స్టెర్, మెరిసే వైన్‌కు లిట్కె, ఇవన్నీ ఆ కాలంలోనే, 1859 నుంచి 1867 లోపు మొదలయ్యాయి. గని కంపెనీ లాభం బయటికి పోతుంటే ఈ చిన్న కార్ఖానాలు డబ్బును ఊళ్ళోనే తిప్పాయని నా అనుమానం. రుజువు నా దగ్గర లేదు, నువ్వు తేలుస్తావేమో చూడు.

2010లో యూరప్ సాంస్కృతిక రాజధానిగా పేచ్‌ను, ఎస్సెన్‌ను, ఇస్తాంబుల్‌ను కలిపి ఎంచారు. ఎస్సెన్ కూడా మూతపడ్డ గనుల ఊరే. ఆ డబ్బుతో జోల్నయి కార్ఖానా ఆవరణను సాంస్కృతిక పేటగా మార్చారు, మోటార్‌వే కూడా ఆ ఏడాదే ఊరిని చేరింది. పవర్ స్టేషన్ ఇప్పుడు బొగ్గు మానేసి కర్ర ముక్కలూ గడ్డీ కాలుస్తుంది.

ఇక మిగిలింది యూనివర్సిటీ. 1367 అని గేట్ల మీదా టీషర్టుల మీదా రాసుకుంటారు. లాయోష్ రాజు పెట్టింది నిజమే కానీ అది ఎక్కువకాలం నిలవలేదు. ఇప్పుడున్నదాని అసలు వేరు 1923లో ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం తరవాత పోజోన్ నగరం (ఇప్పటి బ్రాటిస్లావా) చెకోస్లోవేకియాకు పోతే అక్కడి యూనివర్సిటీని ఇక్కడికి తెచ్చారు. 1984 నుంచి ఇంగ్లిష్‌లో మెడిసిన్ చెప్తున్నారు. మీ వదిన ఆ దారినే వెళ్ళింది. అంటే నువ్వు కట్టే గది అద్దె, బస్ పాస్, కొనే బియ్యం కూడా నీ థీసిస్ లెక్కలోవే. సెప్టెంబరు నుంచే మీ వీధి లెక్క ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టు: ఎన్ని ఇళ్ళు విద్యార్థులకు అద్దెకిచ్చారు, ఏ దుకాణం ఎవరిది. సెలవులు పడగానే మళ్ళీ అదే వీధి లెక్కపెట్టు. నేను ఆగస్టులో దిగినప్పుడు ఉరాన్‌వారోష్‌లో రొట్టెల షాపులో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. సెప్టెంబరు రెండో వారానికి వరసలో నిలబడాల్సొచ్చింది.

పై నెల మీ ఇంటికి వస్తాను, ఒక చిన్న పొట్లం ఇస్తాను. అందులో మా బాయి ఇత్తడి బిళ్ళ ఉంది, ల్యాంపు తీసుకునేటప్పుడు ఇచ్చేది. ఆ ముసలాయన వెళ్ళొచ్చేటప్పుడు తన బిళ్ళ నా చేతిలో పెట్టాడు, నా దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏమీ లేకపోయింది. పేరు రాసుకోలేదు. నుదుటి మీద ఎడమ వైపు గీత, వెడల్పు మీసం. ఉంటే ఇవ్వు, లేకపోతే అతని బాయి వాళ్ళెవరైనా దొరికితే ఇవ్వు.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య