75 శాతం లేదని, సర్టిఫికెట్ తాత్కాలికమని ట్రస్టు సాయం నిరాకరిస్తే?

ప్రశ్న: మాది తెనాలి. మా బాబుకి ఎనిమిదేళ్లు, బుద్ధిమాంద్యం ఉంది. సదరం సర్టిఫికెట్‌లో 50 శాతం అని, తాత్కాలికమని, పదేళ్ల వయసులో మళ్లీ పరీక్ష చేయించాలని రాశారు. విజయవాడలో ఒక చారిటబుల్ ట్రస్టు 14 ఏళ్ల లోపు దివ్యాంగ పిల్లలకు థెరపీ కోసం ఏడాదికి రూ. 40 వేలు ఇస్తోందంటే దరఖాస్తు పెట్టాం. వైకల్యం 75 శాతం లేదు, శాశ్వత సర్టిఫికెట్ లేదు, బియ్యం కార్డు లేదు అని మూడు కారణాలు చెప్పి తిప్పి పంపారు. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం రూ. 19 వేలు. అందులో ఏడెనిమిది వేలు బాబు థెరపీకే పోతాయి. అడిగితే ‘డబ్బు మాది, రూల్సు మావి’ అంటున్నారు. ట్రస్టుకి ఒక పెద్ద కంపెనీ నుంచి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు వస్తాయట. వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చా? కోర్టులో కేసు వేస్తే గెలుస్తామా?
– ఒక పాఠకురాలు

జవాబు: వినియోగదారుల కమిషన్‌కి వెళ్లి లాభం లేదు. డబ్బు చెల్లించి సేవ పొందినవారే ఆ చట్టం కింద వినియోగదారులు. ఉచితంగా ఇచ్చే సాయం దాని పరిధిలోకి రాదు. ‘మా అబ్బాయికి రూ. 40 వేలు ఇప్పించండి’ అని సివిల్ దావా వేసినా నిలవడం కష్టం. ఫలానా ట్రస్టు ఫలానా బిడ్డకు సాయం చేసి తీరాలనే హక్కు చట్టంలో ఎవరికీ లేదు, ఎవరికివ్వాలో ఎంచుకునే విచక్షణ ట్రస్టీలదే. అలాగని ‘రూల్సు మావి’ అన్నంత మాత్రాన సరిపోదు. ఆ విచక్షణ ట్రస్టు డీడ్‌లో (ట్రస్టును ఏర్పాటు చేసిన పత్రంలో) రాసుకున్న ఉద్దేశానికి లోబడి ఉండాలి. మీకు చెప్పిన మూడు కారణాల్లో ఒకటి అసలు నిలబడదు, ఒకటి బలహీనం, ఒకటి మాత్రం గట్టిది.

నిలబడనిది శాశ్వత సర్టిఫికెట్ నిబంధన. వైకల్యాన్ని ఎలా కొలవాలో చెబుతూ కేంద్రం 2018 జనవరిలో మార్గదర్శకాలు నోటిఫై చేసింది, 2024 మార్చిలో వాటిని సవరించింది. వాటి ప్రకారం బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు 5, 10, 18 ఏళ్ల వయసులో సర్టిఫికెట్ రెన్యూవల్ చేయించాలి. 18 ఏళ్లప్పుడు ఇచ్చేదే జీవితాంతం చెల్లుతుంది. అంటే మీ బాబుకి డాక్టర్లు ‘తాత్కాలికం’ అని రాయడం వైకల్యం మీద అనుమానంతో కాదు, రూలు అలా ఉంది కనుక. మరి ట్రస్టు సాయం 14 ఏళ్ల లోపు వారికే. 18 దాకా రాని కాగితాన్ని 14 లోపు తెమ్మంటే, మార్గదర్శకాల ప్రకారం సర్టిఫికెట్ తీసుకున్న బుద్ధిమాంద్యపు బిడ్డ ఒక్కరూ ఎప్పటికీ అర్హులు కాలేరు. కాలు పోయిన బిడ్డకు చిన్న వయసులోనే శాశ్వత సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి ‘మిగతావాళ్లు తెస్తున్నారుగా’ అని ట్రస్టు అనవచ్చు. మీ వాదనకు ప్రాణం అక్కడే ఉంది: ఒకే రూలు కొన్ని వైకల్యాలను లోపలికి రానిచ్చి, ఒక రకం వైకల్యాన్ని మొత్తంగా బయట నిలబెడుతోంది. దొంగ సర్టిఫికెట్లను ఆపడానికే ఈ రూలు అంటారా, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) నంబరుతో కేంద్రం స్వావలంబన్ పోర్టల్‌లో సరిచూసుకుంటే చాలు.

బలహీనమైనది 75 శాతం. పై మార్గదర్శకాల్లో బుద్ధిమాంద్యానికి శాతాలు ఒక్కొక్కటిగా పెరగవు. రోజువారీ పనుల్లో సామర్థ్యాన్ని కొలిచే వైన్‌ల్యాండ్ పరీక్షలో స్కోరు 55–69 వస్తే 50 శాతం, 36–54 వస్తే 75, 21–35 వస్తే 90, అంతకు తగ్గితే 100. అరవై, డెబ్బై అనే అంకెలే ఉండవు. కాబట్టి 75 గీత అంటే 50 శాతం వచ్చే స్వల్ప స్థాయి పిల్లలందరినీ తీసేయడమే. విచిత్రం ఏమిటంటే థెరపీ వల్ల మాటా, సొంత పనులూ బాగా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నదీ వాళ్లకే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రామాణిక వైకల్యానికి పెట్టిన గీత 40 శాతం. అయితే ఆ గీతను ట్రస్టు పాటించి తీరాలని చట్టం చెప్పలేదు. తీవ్రత ఎక్కువ ఉన్నవారికి ముందు ఇస్తామంటే తప్పుపట్టలేం, కానీ అది వరుసలో ముందు వెనకలకు పనికొచ్చే కొలమానం. తలుపు మూసేయడానికి కాదు.

ఇక బియ్యం కార్డు. ఆదాయ పరిమితి పెట్టుకోవడం వైకల్యం ఆధారంగా చూపే వివక్ష కాదు, దాన్ని చట్టపరంగా సవాలు చేయలేరు. రాష్ట్రంలో బియ్యం కార్డుకు పట్టణాల్లో నెల ఆదాయ పరిమితి రూ. 12 వేలు, కాబట్టి రూ. 19 వేల జీతానికి కార్డు రాదు. ఇక్కడ వాదన వద్దు, విన్నపం చేయండి: కార్డుకు బదులు తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తీసుకోండి, ఆదాయంలోంచి థెరపీ ఖర్చు తీసి చూడండి అని. ఆరు నెలల బిల్లులు జతచేస్తే ఆ విన్నపానికి బరువు వస్తుంది.

చట్టం మాటకొస్తే, దివ్యాంగుల హక్కుల చట్టంలోని ‘ప్రైవేటు సంస్థ’ నిర్వచనంలో ట్రస్టు, సొసైటీ కూడా ఉన్నాయి. సెక్షన్ 3(3) వైకల్యం కారణంగా వివక్ష కూడదంటుంది. న్యాయమైన లక్ష్యం ఉండి, దానికి తగిన మోతాదులో ఉంటేనే మినహాయింపు. ‘మేం చూసింది అవసరాన్ని, వైకల్యాన్ని కాదు’ అని ట్రస్టు లాయరు అంటాడు. శాశ్వత సర్టిఫికెట్ విషయంలో ఆ మాట అతకదు, అందుకే ఫిర్యాదులో అదే ముందు పెట్టాలి. ఫిర్యాదు చేయాల్సింది రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి. సెక్షన్ 80 కింద విచారించవచ్చు, సెక్షన్ 82 కింద సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే అధికారాలూ ఉన్నాయి. చివర్లో వచ్చేది సిఫారసే, తప్పక పాటించాల్సిన కోర్టు డిక్రీ కాదు. కానీ ఆ నోటీసు చేతిలో పడ్డాక రూలు మార్చడమే సులువని ట్రస్టీలకు అనిపించడం సహజం.

‘సెక్షన్ 92 కింద కేసు వేద్దాం’ అని ఎవరైనా సలహా ఇస్తే ఆగండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆ సెక్షన్ పబ్లిక్ ట్రస్టు నిర్వహణను సరిదిద్దడానికి. ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతితో వేయాలి. ఒక బిడ్డకు సాయం రాలేదన్న సొంత గోడుకు అది పనికిరాదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. హైకోర్టులో రిట్ కూడా ట్రస్టు ప్రభుత్వ నిధులతో ప్రభుత్వ పథకం నడుపుతున్నప్పుడే ఆలోచించాలి. ప్రభుత్వ నిధులు గణనీయంగా ఉంటే సమాచార హక్కు చట్టం కూడా వర్తిస్తుంది. 2019లో డీఏవీ కాలేజ్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది.

మీ విషయంలో అన్నిటికంటే పనిచేసేది సీఎస్ఆర్ దారి. పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చుపెట్టాలి. సీఎస్ఆర్ కమిటీ, పాలసీ, ప్రాజెక్టుల వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంచాలి. అక్కడ ‘దివ్యాంగ బాలల సంక్షేమం’ అని రాసుకుని, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలెవరూ అందుకోలేని రూలుతో ఖర్చవుతోందని తెలిస్తే కమిటీ అడుగుతుంది. డబ్బిచ్చే చోటు నుంచి వచ్చిన ప్రశ్నకున్న బలం లాయరు నోటీసుకు చాలాసార్లు ఉండదు.

అందుకే మొదట ట్రస్టుకి ఒక లేఖ రాయండి. ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పమనండి, అర్హత నిబంధనల ప్రతి, వాటిని ఆమోదించిన తీర్మానం తేదీ అడగండి. ట్రస్టీల బోర్డు పునఃపరిశీలించాలని, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని కోరండి. సదరం సర్టిఫికెట్‌లో మళ్లీ పరీక్ష చేయించాల్సిన వయసు రాసిన చోట గీత గీసి, ప్రస్తుతం అమల్లో ఉన్న మార్గదర్శకాల గెజిట్‌లో ఆ పేజీ జతచేయండి. క్లినికల్ సైకాలజిస్టు నివేదిక, థెరపీ బిల్లులు, ఆదాయ ధ్రువపత్రం వెనకాల పెట్టండి. అన్నీ జిరాక్సులే. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. ఫోన్‌లో వాదించకండి, కౌంటర్ దగ్గరి ఉద్యోగికి రూలు మార్చే అధికారం ఉండదు, ఆ మాటలకు రుజువూ మిగలదు. నెలలో జవాబు రాకపోతే అదే లేఖ ప్రతిని కంపెనీ సీఎస్ఆర్ కమిటీకి, కమిషనర్‌కి పంపండి. న్యాయ సేవల అధికార సంస్థ చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. తెనాలి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీలో అర్జీ ఇస్తే, కేసు వేయకముందే ట్రస్టును పిలిచి మాట్లాడించే వీలుంటుంది.

ట్రస్టు డీడ్ ప్రతి దొరికితే మంచిదే. స్థిరాస్తి ఉన్న డీడ్ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకంలో ఉంటుంది, ఎవరైనా నకలు తీసుకోవచ్చు. స్థిరాస్తి లేనిది నాలుగో పుస్తకంలోకి వెళ్తుంది, దాని నకలు సంబంధిత పక్షాలకే ఇస్తారు. ఇవ్వలేదని అక్కడ గొడవపడి లాభం లేదు. సంస్థ సొసైటీ అయితే బైలాస్ జిల్లా రిజిస్ట్రారు దగ్గర ఉంటాయి.

ఒక హెచ్చరిక. ‘పదివేలు ఇస్తే 75 వేయిస్తాం’ అనే దళారులు సదరం క్యాంపుల దగ్గర తగలవచ్చు. మోసంతో దివ్యాంగుల ప్రయోజనాలు పొందితే దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 91 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. శాతం నిజంగానే తక్కువ వేశారనిపిస్తే అదే చట్టం సెక్షన్ 59 కింద అప్పీలు ఉంది.

ఈలోగా కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకి దరఖాస్తు పెట్టండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. వైద్య పరీక్షలు ఉండవు, 75 శాతం గీతా లేదు. దారిద్య్రరేఖకు పైన ఉన్నవారికి రుసుము రూ. 500. నేషనల్ ట్రస్టులో నమోదైన సంస్థ ద్వారా చేర్పిస్తారు. థెరపీ ఖర్చుకూ కొంత పరిమితి దాకా వస్తుంది, కానీ డాక్టరు చీటీ, ఒరిజినల్ బిల్లులు తప్పనిసరి. ఎప్పుడు చేరినా కార్డు మార్చి 31తో ముగుస్తుంది, కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే చేరండి.