పేరిన విషమా, చేరిన విషమా?

సందేహం: డాల్ఫిన్ల గురించిన ఒక వ్యాసంలో ‘వాటి కొవ్వులో విషరసాయనాలు పేరుకొంటున్నాయి’ అని ఉన్నది. మరొకదానిలో ‘నిరంతర కాలుష్యకాలు సంచయనం చెందుతున్నాయి’ అని చదివాను. పేరుకోవడం నెయ్యికి చెప్పే మాట కదా, రసాయనాలకు చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: నెయ్యిని మీరే తలచుకొన్నారు కనుక సగం పని తీరింది. దీనికి మూలం ‘పేరు’ అనే క్రియ. ద్రవంగా ఉన్నది చిక్కబడి గట్టిపడితే పేరినట్లు. ‘పేరిన నెయ్యి’ పాత పలుకుబడి. తోడుపెట్టిన పాలు పేరితే పెరుగు. ఈ పెరుగుకూ, వృద్ధి పొందడమనే పెరుగుకూ చుట్టరికం కలపాలని నాకు ఎప్పుడూ ఉబలాటమే కాని, ధాతువులు రెండేమోననే అనుమానం వెనక్కి లాగుతుంటుంది. ‘కొను’ చేరి ‘పేరుకొను’ అయిన తరువాత దీని పరిధి పెరిగి, కాలువలో పూడిక, అటకమీద దుమ్ము, ఖాతాలో బకాయిలు అన్నీ పేరుకొంటున్నాయి. గట్టిపడటం జారిపోయి, పొరమీద పొరగా నిలవడం మిగిలింది. ముత్యాల పేరు, మనిషి పేరు వేరే మాటలు.

ఇక డాల్ఫిన్లు. పీసీబీల (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్; ఒకప్పుడు విద్యుత్ పరికరాలలో వాడిన కృత్రిమ రసాయనాలు) వంటివి నీటిలో దాదాపు కరగవు, కొవ్వులో కరుగుతాయి; చిన్న చేపను పెద్ద చేప, దానిని డాల్ఫిన్ తినేకొద్దీ మోతాదు హెచ్చుతుంది. 2016 జనవరిలో స్కాట్లండ్‌లోని టైరీ ద్వీపపు ఒడ్డున చనిపోయి కనిపించిన లులు అనే ఓర్కా (ఓర్కా కూడా డాల్ఫిన్ కుటుంబంలోదే) కొవ్వులో కిలోకు సుమారు 950 మిల్లీగ్రాముల పీసీబీలు తేలాయి. హాని మొదలయ్యే హద్దుగా శాస్త్రజ్ఞులు లెక్కించినదానికి ఇది 100 రెట్లకు పైమాటే. తల్లి డాల్ఫిన్ ఈ విషంలో చాలా భాగాన్ని చనుబాలద్వారా, ముఖ్యంగా తొలిచూలు పిల్లకు, దించేస్తుంది. లులు ఎన్నడూ పిల్లను కనలేదు.

నిక్కచ్చిగా చెప్పాలంటే పేరేది కొవ్వు, అందులో చేరేది విషం. అయితే మేత దొరకక డాల్ఫిన్ చిక్కిపోయినప్పుడు ఆ కొవ్వు కరిగి, దానిలోని విషం తిరిగి నెత్తురులోకి దిగుతుంది. పేరిన నెయ్యి సెగకు కరగడం ఎరిగిన భాషకు ఇంతకన్న తగిన క్రియ దొరకదని నా పక్షపాతం.

‘సంచయనం చెందు’ను మాత్రం వదిలెయ్యండి. మన ఇళ్లల్లో సంచయనం అంటే దహనం తరువాత అస్థులు ఏరడం. బతికి ఈదుతున్న ప్రాణికి దానిని అంటగట్టడం ఏమి ఔచిత్యం? పైగా అది ఒకరు పూనుకొని చేసే పని. ‘చెందు’ అనే తోక తగిలిస్తే దానంతట అది జరిగేది అయిపోదు. ‘నిరంతర’మూ సరిపోదు. దానికి ఎడతెగనిది అని అర్థం. ఇక్కడ కావలసింది ఒకపట్టాన నశించనిది. 1980లలోనే ఐరోపాలో నిషేధానికి గురైన పీసీబీలు 2016లో లులు దేహంలో ఉన్నాయంటే, వాటి గుణం ఎడతెగకపోవడం కాదు, చావకపోవడం. ‘కాలుష్యకం’ మీద నాకు మనసు లేదు, పరిభాషగా స్థిరపడింది కనుక ఊరుకొంటాను.

కనుక ‘కొవ్వులో’ అనే మాట పక్కనున్నంతవరకు ‘పేరుకొను’ను వాడుకోవచ్చుననే అనుకొంటాను. ‘రక్తంలో పేరుకొన్న రసాయనాలు’ అని రాస్తే మాత్రం, రక్తమే గడ్డకట్టిందని చదువరి పొరబడే ప్రమాదం ఉన్నది.