అవిసె నూనె చేదెక్కితే వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 52. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువగా ఉన్నాయి. ఒమేగా-3 కోసమని నెల రోజులుగా వంటంతా అవిసె గింజల నూనెతోనే చేస్తున్నాం. సీసా స్టవ్ పక్కనే ఉంటుంది. ఇప్పుడది చేదుగా ఉంది, పెయింట్ వాసన వస్తోంది. వాడొచ్చా? రక్తం పలచబడే మాత్రలు కూడా వేసుకుంటున్నాను.

సలహా: ఆ సీసా పారేయండి. మీకొచ్చింది నిజంగానే పెయింట్ వాసన. తైలవర్ణ చిత్రాల్లో రంగు కలిపేది ఈ గింజల నూనెనే. ఇందులో సగానికి పైగా ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (ఏఎల్ఏ) అనే ఒమేగా-3 కొవ్వు. దాని అణువులో మూడు ద్విబంధాలుంటాయి. ఆక్సిజన్ పట్టుకునేది అక్కడే. వేడి, వెలుతురు తోడైతే ఇంకా త్వరగా. గోడమీద ఆ గుణంతోనే రంగు ఆరి గట్టిపడుతుంది, మీ సీసాలో చేదెక్కింది. శుద్ధి చేయని అవిసె నూనె సుమారు 107 డిగ్రీల సెల్సియస్‌కే పొగలు కక్కుతుంది. కాబట్టి వేపుళ్లకు, తాలింపుకు అసలు పనికిరాదు.

వాడాలనుకుంటే గానుగ నూనె, ముదురు రంగు చిన్న సీసాలో కొనండి. మూత తీసిన తేదీ సీసా మీద రాసి ఫ్రిజ్‌లో పెట్టి, నెలా నెలన్నరలో ముగించండి. వండినది కాస్త చల్లారాక పైన ఒక టీస్పూన్ వేసుకుంటే చాలు. అందులో రెండు గ్రాములకు పైగా ఏఎల్ఏ ఉంటుంది. పురుషులకు రోజుకు 1.6, స్త్రీలకు 1.1 గ్రాములు సరిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 'బాయిల్డ్' రకం మాత్రం నోట పెట్టకూడదు. త్వరగా ఆరడానికి అందులో లోహ లవణాలు కలుపుతారు.

అయితే మీ ట్రైగ్లిజరైడ్ల సంగతి వేరు. వాటిని తగ్గించేది ముఖ్యంగా చేప నూనెలోని ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3లు, అదీ వైద్యులు రాసే మోతాదులో. మన శరీరం ఏఎల్ఏను ఈపీఏగా మార్చుకునేది కొద్దిగానే, డీహెచ్ఏగా మరీ తక్కువ. పైగా ఏ నూనైనా టేబుల్ స్పూన్‌కు 120 కేలరీలు. చక్కెర, మద్యం, బరువు తగ్గిస్తే మీకు ఎక్కువ ఫలితం కనిపిస్తుంది.

రక్తం పలచబడే మాత్రలు రాసిన డాక్టర్‌కు ఈ నూనె సంగతి చెప్పండి. అది వార్ఫరిన్ అనే మాత్ర అయితే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) ఎప్పుడు చేయించుకోవాలో అడగండి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపించినా నూనె ఆపి వెంటనే వారిని కలవండి. మాత్రలు మాత్రం సొంతంగా మానొద్దు.

అన్నట్టు, పాత నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆక్సిజన్‌తో కలుస్తూ లోపల్లోపల వేడెక్కి, తనంతట తానే అంటుకోవచ్చు. సబ్బు నీళ్లతో ఉతికి, ఆరుబయట పరిచి ఆరబెట్టండి.