సైన్స్ ఫెయిర్‌కు అమెరికా ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రీజెనెరాన్ అంతర్జాతీయ సైన్స్, ఇంజనీరింగ్ ప్రదర్శన ఏటా మే నెలలో అమెరికాలోని ఏదో ఒక నగరంలో జరుగుతుంది. దీన్ని ఐసెఫ్ అని పిలుస్తారు. 1950లో ఫిలడెల్ఫియాలో 30 మంది విద్యార్థులతో మొదలైన ఈ ప్రదర్శన 1958 నుంచి అంతర్జాతీయమైంది. ఇప్పుడు అరవైకి పైగా దేశాల నుంచి దాదాపు పదహారు, పదిహేడు వందల మంది విద్యార్థులు దీనికి వస్తున్నారు. ఈ ప్రయాణం గురించి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదివే అమ్మాయి చింతగింజల పొడితో తాగునీటిలోని ఫ్లోరైడును తగ్గించే ప్రాజెక్టు చేసింది. జిల్లా స్థాయిలో బహుమతి వచ్చింది. ఐసెఫ్‌కు వెళ్లే దారి ఏది? గైడ్ టీచరుగా నేను ఏం సిద్ధం చేయాలి?
– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జవాబు: ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు నిర్వహించే ఇన్‌స్పైర్ మనక్ పోటీలో జాతీయ స్థాయికి చేరిన విద్యార్థులకు జపాన్‌కు సకురా సైన్స్ కార్యక్రమం కింద వెళ్లే అవకాశం రావచ్చు గానీ, ఆ దారి ఐసెఫ్‌కు చేరదు. ఐసెఫ్‌కు ఎవరికి వారు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు లేదు, గుర్తింపు పొందిన ప్రదర్శనలో ఎంపిక కావాలి. మన దేశం నుంచి వెళ్లే బృందం ప్రధానంగా ఐరిస్ అనే, పాఠశాల విద్యార్థుల పరిశోధనల జాతీయ ప్రదర్శనలో ఎంపికవుతుంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివేవారు అర్హులు, కనుక మీ విద్యార్థినికి తరగతి విషయంలో అడ్డంకి లేదు. ఒక్కరైనా, గరిష్ఠంగా ముగ్గురు జట్టుగానైనా పాల్గొనవచ్చు.

అసలు అడ్డంకి కాగితాల దగ్గర, అంతకన్నా ఎక్కువగా తేదీల దగ్గర ఎదురవుతుంది. ప్రాజెక్టులో చూపే పరిశోధన వరుసగా పన్నెండు నెలలకు మించకూడదు, అది ప్రదర్శనకు ముందు సంవత్సరం జనవరి కన్నా ముందు మొదలై ఉండకూడదు. పరిశోధన ప్రణాళిక, విద్యార్థిని, తల్లిదండ్రుల సంతకాలు, గైడ్ టీచరు సరిచూసి సంతకం చేసే పత్రం ఇవన్నీ ప్రయోగం మొదలుకాక ముందే పూర్తి కావాలి. మన దగ్గర ముందు ప్రయోగం చేసి, బహుమతి వచ్చాక కాగితాలు రాసుకునే అలవాటు బలంగా ఉంది. తేదీలు వెనక్కి వేసి నెట్టుకురావచ్చని సలహా ఇచ్చేవారు మీకు తప్పక తారసపడతారు. ఆ పని చేయవద్దు. నోటుబుక్కులోని తేదీకి, పత్రంలోని తేదీకి పొంతన కుదరని చోట, కాగితాలు సరిచూసే పరిశీలక సంఘం ఆగిపోతుంది, మాట పడేది మాత్రం ఆ పిల్ల.

మీ ప్రాజెక్టులో మరొక చిక్కు ఉండవచ్చు. పొడి కలిపి వడగట్టిన నీటిని ఊళ్లో నలుగురికి ఇచ్చి "రుచి ఎలా ఉంది?" అని మీ విద్యార్థిని అడిగి ఉంటే, ఐసెఫ్ నియమాల లెక్కలో అది మనుషులపై జరిపిన పరిశోధన అవుతుంది. అందుకు ఒక ఉపాధ్యాయుడు, ఒక పాఠశాల పరిపాలనాధికారి, డాక్టరు లేదా నర్సు వంటి ఒక వైద్య నిపుణుడు, కనీసం ఈ ముగ్గురూ ఉన్న సంఘం ముందుగా అనుమతి ఇచ్చి ఉండాలి. ఊరివారిని ప్రశ్నావళితో సర్వే చేసినా దాదాపు ఇదే పద్ధతి. తర్వాత తెచ్చుకున్న అనుమతి చెల్లదు. నీటి నమూనాలను విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో పరీక్షించి ఉంటే, అక్కడ ఆమె స్వయంగా ఏం చేసిందో, అక్కడివారు ఏం చేశారో విడివిడిగా తెలిపే పత్రం ఆ ప్రయోగశాల నుంచి తీసుకోవాలి.

ఇక విషయం సంగతి. ఫ్లోరైడు తొలగింపులో నల్గొండ పేరు మీదే ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఈ నల్గొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం కలిపి, ఏర్పడిన తెట్టెను అడుగుకు దిగనిచ్చి పైనీటిని తీసుకుంటారు. నల్గొండ నుంచి వచ్చిన అమ్మాయిని న్యాయనిర్ణేత అడిగే మొదటి ప్రశ్న "దానికన్నా నీది ఏ విధంగా భిన్నం?" అన్నదే కావచ్చు. లీటరుకు ఎన్ని గ్రాముల పొడి, ఎంతసేపు కలపాలి, నీటి పీహెచ్ మారితే ఫలితం ఎలా మారింది, ఒక్కో ప్రయోగాన్ని ఎన్నిసార్లు మళ్లీ చేసింది, వాడిన పొడిని చివరకు ఎక్కడ పారబోయాలి అన్నవి ఆమెకు కాగితం చూడకుండా రావాలి. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఆమె శుద్ధి చేసిన నీరు ఈ గీతకు ఏ వైపున నిలిచిందో ఆమె గ్రాఫులోనే కనిపించాలి. "ఫ్లోరైడు తగ్గింది" అన్న ఒక్క వాక్యం జిల్లా స్థాయిలో సరిపోయి ఉండవచ్చు, అక్కడ సరిపోదు.

ప్రశ్న: ప్రదర్శనలో నీరు పారే పంపు మోడల్, శుద్ధికి ముందు, తర్వాత నీళ్ల సీసాలు, చింతగింజలు పెట్టాలనుకుంటున్నాము. విమానంలో వీటిని ఎలా తీసుకెళ్లాలి?
– అదే ఉపాధ్యాయుడు

జవాబు: తీసుకెళ్లనక్కరలేదు, ఎందుకంటే అక్కడ పెట్టనివ్వరు. ఐసెఫ్ బల్లపై నీటితో సహా ఏ రసాయనమూ, మట్టి, ఆహార పదార్థం, మొక్కల భాగం, బతికి ఉన్న జీవి ఏదీ ఉండకూడదు. సీసాలకు బదులు ఫొటోలు పెట్టండి. ప్రతి ఫొటో కింద, ప్రతి గ్రాఫు కింద అది ఎవరిదో రాయాలి. విద్యార్థిని స్వయంగా తీసినదైనా "ఫొటో: విద్యార్థిని" అన్న చిన్న వరుస ఉండాల్సిందే. దీన్ని మరిచిపోయిన పిల్లలు అక్కడికి వెళ్లాక స్కెచ్ పెన్నుతో రాసుకుంటూ కూర్చోవలసి వస్తుంది. జిల్లా స్థాయిలో వచ్చిన పతకాలు, షీల్డులు, జాతీయ పతాకం కూడా బల్లపై పెట్టకూడదు. మొత్తం ప్రదర్శన వెడల్పు 122 సెంటీమీటర్లు, లోతు 76 సెంటీమీటర్లు, నేల నుంచి ఎత్తు బల్లతో కలిపి 274 సెంటీమీటర్లు దాటకూడదు. థర్మాకోల్ పలక మీద అంటించిన చార్టుల కన్నా, చుట్టి గొట్టంలో పెట్టుకునే ఒక్క పెద్ద పోస్టరు ప్రయాణానికి వీలుగా ఉంటుంది.

కరెంటుతో నడిచే వస్తువుల గురించి ఒక మాట. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు. లాప్‌టాప్ చార్జరు మీద "100–240" అని రాసి ఉంటే దానికి అడాప్టరు చాలు. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్ అవుతుంది, విమానాల్లో సాధారణ పరిమితి 100.

ప్రశ్న: నేను తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లీషులో అడిగితే అర్థమవుతుంది గానీ, జవాబు చెప్పేటప్పుడు తడబడతాను. అందువల్ల మార్కులు పోతాయా?
– ఒక విద్యార్థిని

జవాబు: మార్కులు ఎలా పంచుతారో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. సైన్స్ ప్రాజెక్టులకు మొత్తం 100లో పరిశోధన ప్రశ్నకు 10, రూపకల్పనకు 15, ప్రయోగ నిర్వహణకు, ఫలితాల విశ్లేషణకు 20, సృజనాత్మకతకు 20, పోస్టరుకు 10, ముఖాముఖికి 25. ఆ 25 భాషకు వేసేవి కావు. మీ పని మీకు ఎంత లోతుగా అర్థమైంది, దానికి ఉన్న పరిమితులు మీకు తెలుసా అని చూసి వేసేవి. ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలు అక్కడికి చాలామంది వస్తారు, అనువాదకుల సాయం కోరే వీలుంది. అవసరమనుకుంటే ఆ సంగతి చివరి వారంలో కాకుండా పేరు నమోదు సమయంలోనే నిర్వాహకులకు తెలపండి.

సాధన విషయంలో నా సలహా కొంత తలకిందులుగా అనిపించవచ్చు. ముందు తెలుగులో చెప్పండి. మీ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని మీ అమ్మమ్మకో, పక్కింటివారికో రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పగలిగాక, అవే మాటలను చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టుకోండి. బట్టీ పట్టిన ఉపన్యాసం మధ్యలో న్యాయనిర్ణేత ఒక్క ప్రశ్న వేస్తే అక్కడితో తెగిపోతుంది. జవాబు తెలియని ప్రశ్నకు "అది నేను పరీక్షించలేదు" అని చెప్పడం తప్పేమీ కాదు, ఆ మాటను ధైర్యంగా పలకడం కూడా సాధన చేయండి.

ప్రశ్న: న్యాయనిర్ణేతలు వచ్చే సమయంలో ఉపాధ్యాయులను హాలులోకి రానివ్వరని విన్నాను. ఏడాది పాటు వెంట ఉండి చేయించిన ప్రాజెక్టు. ఆ వేళ పక్కన ఉండే వీలు లేకపోతే నేను అంత దూరం వెళ్లడం ఎందుకు?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీరు విన్నది నిజమే. ఆ గంటల్లో హాలులో విద్యార్థులు, న్యాయనిర్ణేతలు, అనువాదకులు, నిర్వాహకులు మాత్రమే ఉంటారు. మీ ప్రశ్నలో "చేయించిన" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. కొన్నేళ్ల కిందట ఒక జిల్లా ప్రదర్శనలో నేను న్యాయనిర్ణేతగా ఉన్నప్పుడు, చక్కటి మోడల్ వెనుక నిలబడ్డ కుర్రవాడిని "ఈ వైరు ఇక్కడికి ఎందుకు కలిపావు?" అని అడిగాను. అతను నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, "సార్ టీ తాగడానికి వెళ్లారు, వచ్చాక చెబుతారండీ" అన్నాడు. ఆ మోడల్ సారుదని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆ అబ్బాయి తెలివైనవాడే, మిగతా వైర్ల గురించి అడిగితే సగం తనంతట తానే ఊహించి చెప్పాడు. ఏడాది పొడుగునా అతనికి ఊహించే అవకాశమే ఇవ్వలేదు. ఐసెఫ్ నియమం ఈ సంగతిని ముందే ఊహించి తలుపు వేసింది.

అయితే ఉపాధ్యాయుల పని అక్కడ తక్కువేమీ కాదు. మే నెలలో అమెరికా తూర్పు ప్రాంతపు నగరాలు మనకన్నా తొమ్మిదిన్నర గంటలు, లాస్ ఏంజెలెస్ పన్నెండున్నర గంటలు వెనుక ఉంటాయి. మొదటి రెండు రోజులు పిల్లలు పట్టపగలు తూలుతూ ఉంటారు, రాత్రి రెండింటికి మేలుకుంటారు. వారిని వేళకు నిద్రపుచ్చడం, తినిపించడం, ప్రదర్శన భద్రతా తనిఖీలో ఏదైనా తీసేయమంటే కంగారు పడకుండా చూడడం, హాలు నుంచి బయటికి రాగానే "ఏమడిగారు?" అని ఆరా తీయకుండా ముందు మంచినీళ్లు ఇవ్వడం మీ వంతు. వెళ్లే ముందు నెలలోనైతే, మీరే న్యాయనిర్ణేతగా మారి మీ విద్యార్థి పని గురించి ఏమీ తెలియనట్లు ప్రశ్నలు అడగండి, జవాబు మాత్రం అందించకండి. మీరు లోపల అనుభవించే ఆ మౌనమే ఆ రోజు తలుపు బయట మీకు పనికొస్తుంది.

ప్రశ్న: అమ్మాయికి పాస్‌పోర్టు లేదు. మా వారు దుబాయ్‌లో పనిచేస్తున్నారు. సంతకం ఎలా?
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రులు ఇద్దరి సమ్మతి కావాలి, అది అనుబంధం-డి పత్రంలో ఉంటుంది. తండ్రి విదేశంలో ఉంటే అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ప్రమాణ పత్రం ధ్రువీకరించి పంపించాలి. ఆయనకు సెలవు దొరికే రోజు చూసుకొని ఈ పనిని ముందుగా మొదలుపెట్టండి, ఎంపిక ఫలితం వచ్చేదాకా ఆగవద్దు. వీసాకు అమ్మాయి, ఉపాధ్యాయుడు వేర్వేరుగా డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారాలు నింపాలి. గైడ్ టీచరు వీసా అమ్మాయికి వర్తించదు. బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) వీసా దరఖాస్తు కేంద్రంలో ఇవ్వాలి, ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో ఉంటుంది. తల్లిదండ్రులు లేకుండా మైనరు ప్రయాణిస్తుంది కనుక, ఉపాధ్యాయుడి వెంట పంపుతున్నామని మీ ఇద్దరి సంతకాలతో నోటరీ చేయించిన లేఖ ఇంగ్లీషులో ఒకటి ఆమె చేతి సంచిలో ఉండాలి.

ప్రభుత్వ ఉపాధ్యాయులు పాస్‌పోర్టు కోసం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని శాఖ ఇచ్చే పత్రం) గానీ, శాఖకు ముందస్తు సమాచారం ఇచ్చిన లేఖ గానీ జతచేయాలి. విదేశీ ప్రయాణ అనుమతి దానికి వేరు. ఫైలు కదలడానికి పట్టే కాలం ఆ ఉపాధ్యాయులకు నాకన్నా బాగా తెలుసు.

ప్రశ్న: ప్రదర్శనలో చూపిస్తే ఆలోచనను ఎవరైనా కాపీ కొడతారేమో. పేటెంటు ఎప్పుడు తీసుకోవాలి?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: బహిరంగంగా చూపించకముందే. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనలకు తప్ప, చూపించిన తర్వాత చేసే దరఖాస్తులో కొత్తదనం పోయినట్లే. ముందు తాత్కాలిక దరఖాస్తు దాఖలు చేస్తే, పూర్తి వివరాలు ఇవ్వడానికి పన్నెండు నెలల గడువు ఉంటుంది. అయితే అన్ని ప్రాజెక్టులూ పేటెంటుకు తగినవి కావు. చింతగింజలతో ఫ్లోరైడు తొలగింపు వంటి వాటిపై ఇప్పటికే ప్రచురిత పరిశోధనలు ఉన్నాయి కనుక, డబ్బు ఖర్చు పెట్టే ముందు వాటిని వెతికి చదవండి.

ప్రశ్న: తిండికి ఏం పట్టుకెళ్లాలి?
– పై విద్యార్థినే

జవాబు: పొడులు, అప్పడాలు, చెగోడీలు పట్టుకెళ్లండి. ఆవకాయ అయితే నూనె కారకుండా రెండు కవర్లలో గట్టిగా కట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. ఏ తినే వస్తువు ఉన్నా దిగగానే కస్టమ్స్ దగ్గర చెప్పండి, దాచవద్దు. పచ్చి కరివేపాకు మాత్రం వద్దు. అది నిమ్మ కుటుంబపు మొక్క, దాని ఆకుల మీద వచ్చే పురుగు వల్ల నిమ్మ, నారింజ తోటలకు తెగులు సోకుతుందని అమెరికాలోకి రానివ్వరు. అక్కడ ఒక సాయంత్రం పిల్లలంతా తమ ప్రాంతపు గుర్తుగా చొక్కాకు గుచ్చుకునే చిన్న పిన్నులు మార్చుకునే ఆనవాయితీ ఉంది. పెట్టెలో కరివేపాకు చోట ఒక పాతిక పిన్నులు సర్దుకోండి.