ఓడ పేరు మారింది, మరి నా జీతం?

ప్రశ్న: విదేశీ జెండా ఉన్న కార్గో ఓడ ఇంజన్ గదిలో ఆయిలర్‌గా చేశాను. నెలకు 600 డాలర్లు. ఆఖరి 7 నెలల జీతం ఇవ్వకుండానే దించేశారు. దిగి 19 నెలలైంది. ఏజెంటు ఇదిగో అదిగో అని తిప్పుతున్నాడు. అమ్మ పుస్తెలతాడు తాకట్టులో ఉంది. కాంట్రాక్టు కాగితం కూడా ఏజెంటు దగ్గరే ఉండిపోయింది. ఈలోగా ఓడను వేరే కంపెనీకి అమ్మేశారు, పేరూ మార్చారు. వచ్చే వారం అది విశాఖ వస్తోందట. ఏజెంటేమో లక్షన్నర ఇస్తాను, రసీదు మీద సంతకం పెట్టమంటున్నాడు. 2025లో వచ్చిన కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద కేసు వేయవచ్చా?
– ఓ పాఠకుడు, సోంపేట

జవాబు: కొత్త చట్టం సంగతి పక్కన పెట్టండి. 1958 నాటి చట్టం స్థానంలో అది వచ్చిన మాట నిజమే గానీ, మీ కేసును తేల్చేది ఓడల మీద బాకీల దావాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం, 9వ సెక్షన్. నావికుడి జీతం బాకీ ఓడనే అంటిపెట్టుకుని ఉంటుంది. యజమాని, పేరు, జెండా ఏది మారినా వదలదు. దీన్నే మారిటైమ్ లియన్ అంటారు. ఓడను తనఖా పెట్టుకున్న బ్యాంకు కూడా బాకీల వరసలో మీ తర్వాతే నిలబడాలి.

అయితే ఈ హక్కుకు ఆయుష్షు రెండేళ్లే. అదీ ఓడ దిగిన రోజు నుంచి కాదు, ఏ నెల జీతానికి ఆ నెల జీతం బాకీ పడిన తేదీ నుంచి. వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ ఏడు నెలల్లో మొదటి నెల జీతం బాకీ పడి 25 నెలలు (దిగాక 19, దిగకముందు 6). దాని మీద లియన్ పోయినట్టే. రెండోదానికి ఈ నెలతో సరి. ఇలాగే కూర్చుంటే నెలకొకటి చొప్పున రాలిపోతాయి. నోటీసులు పంపినా, ఏజెంటు ఫోన్లో ఒప్పుకున్నా గడువు ఆగదు. ఆలోపు ఓడ అరెస్టు కావాలి, అంటే కోర్టు ఆర్డరుతో దాన్ని రేవులో ఆపేయాలి. పాత యజమాని మీద మూడేళ్లలోపు దావా వేయవచ్చు, నిజమే. కానీ ఓడ అమ్ముకుని పోయినవాణ్ని ఎక్కడని వెతుకుతారు?

ఆ రసీదు మీద సంతకం పెట్టకండి! ‘నాకు రావలసినదంతా ముట్టింది’ అన్న ఒక్క వాక్యం చాలు, రేపు కోర్టులో అవతలి లాయరు మొదట చూపించే కాగితం అదే. పోలీసు కేసు పెడతానంటారేమో, దానివల్ల ఓడ రేవులో ఆగదు.

సంతకం పెట్టిన కాంట్రాక్టు ఏజెంటు చేతిలో వదిలేసి రావడమేమిటి? ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోలేకపోయారా? సరే, ఉన్నవి పోగు చేయండి. సీడీసీలో (నావికుడి సర్వీసు పుస్తకంలో) ఎక్కిన, దిగిన తేదీల ముద్రలున్న పేజీ, అంతకుముందు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, కెప్టెన్‌తో వాట్సాప్ మాటలు, తోటి సీమెన్ అఫిడవిట్. అన్నిటికన్నా ముఖ్యం ఓడ ఐఎంఓ నంబరు, అంటే ఓడకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, ఏడంకెలది. పేరు మారినా అది మారదు. ఇది ఆ ఓడేనని నిరూపించేది అదే.

వీటితో ఈ వారమే అమరావతిలో హైకోర్టు అడ్వకేటును కలిసి, అడ్మిరాల్టీ దావాతో పాటు అరెస్టు పిటిషను సిద్ధం చేయించండి. ఆర్డరు పోర్టుకు, కస్టమ్స్‌కు చేరితే ఓడ కదలదు. ఖాళీగా నిలబడిన ఓడకు రోజూ ఖర్చే కాబట్టి, కొత్త యజమాని చాలావరకు కోర్టులో డబ్బు కట్టి విడిపించుకుంటాడు. ఏజెంటు మీద ముంబైలోని డీజీ షిప్పింగ్‌కు (నౌకాయానాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి) విడిగా ఫిర్యాదు పెట్టండి, వాడికి లైసెన్సు ఉందో లేదో ముందు చూసుకుని. ఓడ గనక విశాఖ మానేసి పారాదీప్ మళ్లితే, అవే కాగితాలతో ఒరిస్సా హైకోర్టులో వేయించవచ్చు.