అమ్మడూ, పుస్తకం కోసం వెతకొద్దు

అమ్మడూ,

వచ్చే నెల నువ్వు జర్మనీలో నర్సు ఉద్యోగంలో చేరుతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్తే సంతోషంతో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. వెంటనే ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ రోజూ తెల్లవారుజామున మూడింటికే లేచి, మోకాళ్ళ మీద జపమాలలోని నాలుగు వరుసల దేవరహస్యాలూ ధ్యానించాలని, ఒక్కరోజు కూడా తప్పకూడదని టైంటేబుల్ రాసుకున్నావట. ఆరింటికి ఐసీయూ డ్యూటీ ఎక్కే పిల్లవి, నిద్ర లేకుండా ఎన్నాళ్ళు నిలబడతావే? ఒక రోజు తప్పితే ఆ బాధతో మొత్తం మానేస్తావు, నీ సంగతి నాకు తెలియదా?

జపమాల రోజుకు ఐదు పదులు, అంటే ఒక్క వరుస, చాలు. ఆదివారం పూజ మానకు. ఇవి నీకు కొత్తగా చెప్పేవి కావు. నేను చెప్పాలనుకుంటున్నది చిన్న జపాల గురించి.

నీ వయసులో నాకు ప్రార్థన అంటే కాళ్ళు కడుక్కుని, ముసుగేసుకుని, కొవ్వొత్తి వెలిగించి, జపాల పుస్తకం చూసి చేసేదే. మీ నాయనమ్మ అలా కాదు. ఎసరు మరిగితే "యేసు మరియ జోజప్ప" అంటూ బియ్యం పోసేది, గేదె తన్నినా, మీ నాన్న బడి నుంచి ఆలస్యంగా వచ్చినా అదే మాట. నాకది ఊతపదంలా వినిపించేది. దేవుడి పేరు ఊరికే అలా అనకూడదమ్మా అని ఒకసారి కోప్పడ్డాను కూడా.

ఆఖరిసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రి పదింటప్పుడు ఆయాసపడుతూ నా మణికట్టు పట్టుకుని "ఒక జపం చెప్పవే" అంది. నా దగ్గర పుస్తకం లేదు. ఉండమ్మా, ఇంటికెళ్ళి తెస్తానని చెయ్యి విడిపించుకుని వెళ్ళాను. విడిపించుకున్నాను, అమ్మడూ. ఆటో దొరికి, ఇంటికెళ్ళి, బీరువా తాళం వెతికి, తిరిగొచ్చేసరికి గంటన్నర పట్టింది. అప్పటికే కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరవలేదు. నేను పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతుంటే పక్కనున్న నర్సు, "ఇంతసేపూ పెదాలు కదుపుతూనే ఉన్నారండీ" అంది. ఏమంటూ ఉందో నాకు తెలుసు. ఆ మూడు పేర్లే. పక్కన కూర్చుని నేను అనాల్సినవి కూడా అవే.

చాలా ఏళ్ళకు పాపసంకీర్తనంలో ఒక ఫాదర్ గారి దగ్గర ఈ తప్పు ఒప్పుకుంటే, ఆయన నన్ను ఏమీ అనలేదు. పునీత అగస్టీన్ గారు ప్రోబా అనే వితంతువుకు రాసిన ఉత్తరం గురించి చెప్పారు. ఈజిప్టులో సన్యాసులు మాటిమాటికీ, చాలా చిన్నగా, బాణం వేసినట్టు ప్రార్థించేవారని అందులో ఉందట. ఎక్కువసేపు లాగితే మనసు మొద్దుబారుతుందని అలా చేసేవారట. నీళ్ళలో మునిగిపోతూ పేతురు గారు మాత్రం ఎంత చెప్పాడు? "ప్రభూ, నన్ను రక్షించు" అన్నాడు, అంతే, యేసు ప్రభువు వెంటనే చెయ్యి చాపాడు.

అందుకని, రోగి దగ్గరికి వెళ్ళేముందు చేతులకు శానిటైజర్ రుద్దుకుంటావు కదా, ఆ కాస్త సమయంలో "ప్రభూ, ఈయన్ని చూసుకో" అనుకో. దివ్య కరుణ పటం కింద ఉండే "యేసువా, మిమ్ము నమ్ముచున్నాను" అయినా సరే. మెషిన్ మోగితే మాత్రం జపం కోసం ఆగకు, ముందు రోగిని చూడు, చేతులు పని చేస్తుండగానే మనసులో అనుకోవచ్చు. జర్మన్‌లో చెప్పాలని తంటాలు పడకు, భయమేసినప్పుడు నోటికొచ్చేది తెలుగే. ఎవరైనా నీ చెయ్యి పట్టుకుని ప్రార్థన అడిగితే, నీకు తోచిన ఒక్క మాట అక్కడే చెప్పు. చెయ్యి వదలకు తల్లీ.

అన్నం మానొద్దు. చలికి మందపాటి సాక్సులు కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను. మీ నాయనమ్మ జపమాల నీ బ్యాగులో పెట్టమని మీ నాన్నకిచ్చాను. రెండు చోట్ల తెగితే తెల్లదారంతో ముడేసుకుంది, ఆ ముడులు విప్పొద్దు. నువ్వు విమానం ఎక్కే రోజు నేను గుణదల కొండ మీద ఉంటాను.

నీ అత్త